కుర్మన్న ఆ రోజు నిద్రపోలేదు

పన్నెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాట కాదు. "కునుకు." అంతే. ఆ మాటను దవాఖానలో, మంచం మీద పడి ఉన్న ఒక మనిషి చెవిలో వేసి వచ్చాను. అతను దాన్ని నమ్మాడు. నమ్మి, ఆ రోజు నుంచి బతకడం మానేశాడు. నేను మాత్రం రోజూ పొద్దున షెడ్డు తెరుస్తున్నాను, ఛాయ్ తాగుతున్నాను, దసరాకు పానాలకు బొట్లు పెడుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసిన ముఖమైతే ఈ మాట గొంతు దాటేది కాదు. చాలాసార్లు ప్రయత్నించాను, దాటలేదు. కాగితం నయం. మధ్యలో లేచిపోదు, నోటి మీద చెయ్యి పెట్టుకోదు. పేర్లు మార్చి రాస్తున్నాను. నా పేరు అసలే రాయను. సిగ్గుతో కాదు. కాదు, సిగ్గుతోనే. మొదట్లోనే అబద్ధమాడితే ఇంక ఈ రాయడమెందుకు?

నేను కార్ల మెకానిక్‌ని. నాగర్‌కర్నూల్‌లో అచ్చంపేట రోడ్డు మీద నా షెడ్డు. పని నేర్చుకున్నది గద్వాలలో, ఖాదర్ ఉస్తాద్ దగ్గర. ఉస్తాద్ షాపులో గోడకు రెండు డబ్బాలు వేలాడుతుండేవి. రెండూ పైన కోసిన ఇంజినాయిల్ డబ్బాలే. ఒకటి జిందా డబ్బా, ఇంకొకటి ముర్దా డబ్బా. బండి నుంచి ఊడదీసిన బోల్టుల్లో మళ్లీ వాడుకోదగ్గవాటిని డీజిల్‌లో కడిగి జిందా డబ్బాలో వేయాలి. ఇంకో రకం బోల్టులుంటాయి. వాటిని జీవితంలో ఒక్కసారే బిగించాలి. బిగించినప్పుడే లోపల సాగిపోతాయి. ఊడదీసి చూస్తే కంటికి ఏమీ కనిపించదు. మర బాగానే ఉంటుంది, తల బాగానే ఉంటుంది, తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది కూడా. కానీ దాని పని అయిపోయింది. అలాంటివన్నీ ముర్దా డబ్బాలోకి. ఒకసారి తెలియక అందులోంచి ఒకటి తీసి బిగించబోయాను. వీపు మీద పానా దెబ్బ పడింది. "సచ్చినోన్ని లేపి పనికి తోలుతవారా!" అని అరిచాడు ఉస్తాద్. షాపంతా నవ్వింది. నొప్పి తగ్గాక నేనూ నవ్వాను.

ఆయనదే ఇంకో మాట కూడా ఉంది. "కంపెనీ బోల్టు ముసలిదైనా పహిల్వానే. బజార్ల బోల్టు పెండ్లి పిల్లగాని లెక్క మెరుస్తది, రెండు గుంతలు పడంగనే కూసుంటది." ఇదీ నిజమే. మా చుట్టుపక్కల మెకానిక్‌లందరం నమ్మే మాటే. నేను చేసిన తప్పంతా ఈ రెండో మాట చాటున నిలబడి చేశాను. మొదటి మాట గుర్తులేనట్టు నటించాను. ఎవరి కోసమో కాదు, నా ముందు నేనే నటించాను.

కుర్మన్న నాకు అన్న వరస. రక్తం కాదు, ఊరి వరస. నాకంటే ఐదారేళ్లు పెద్ద. కిరాయికి కారు నడిపేవాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెల్ల కారు అది, దాన్ని చూసుకున్నట్టు ఎవరూ దేన్నీ చూసుకోరు. చిన్న చప్పుడు వస్తే చాలు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ వదిన ఒకసారి షెడ్డుకు వచ్చినప్పుడు అన్నది నాకిప్పటికీ వినిపిస్తుంది: "ఏం మర్దీ, మీ అన్నకు నాకంటె ఈ కారే ఎక్కువ. దీనికి జరమొస్తె నీ తాన్కి ఉరుకుతడు. నాకు జరమొస్తె గోలి తెచ్చి చేతుల పెడ్తడు." కుర్మన్న ముసిముసిగా నవ్వుతూ అద్దం తుడుచుకుంటున్నాడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, శిరీష. అప్పటికి ఆరేళ్లు. నన్ను కాకా అని పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎంతసేపు డబ్బాల గురించి చెప్తాను?

ముందు చక్రం దగ్గర టకటకమంటోందని ఒకరోజు కారు తెచ్చాడు. ఎత్తి చూశాను. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటుంటుంది, మేం ఆర్మ్ అంటాం. అది అరిగిపోయింది. దాన్ని బిగించేవి మూడు బోల్టులు. మూడూ ఒక్కసారి రకమే. ఆర్మ్ విప్పామంటే బోల్టులు కొత్తవి వేయాలి, పాతవి ముర్దా డబ్బాలోకి పోవాలి. మరునాడు పొద్దున వాళ్లు ముగ్గురూ అమ్రాబాద్ పోవాలి. వదిన అన్న కొడుక్కి పుట్టువెంట్రుకలు. కుర్మన్న పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పాడు: "తమ్మీ, బోల్టులు గూడ కొత్తయే వెయ్యి. పిల్లను ఏసుకొని పోతున్న. పాతయి పొట్లం కట్టి నాకియ్యి."

పొట్లం అడగడం మా దగ్గర మామూలే. సామాను మార్చామనడానికి సాక్ష్యం అది. ఊడదీసిన పాత సామానును పేపర్లో చుట్టి బండివాడి చేతిలో పెడతాం. చాలామంది విప్పి చూడను కూడా చూడరు. సీటు కింద పడేస్తారు, లేదా ఇంటికి పట్టుకుపోయి ఏ గూట్లోనో పెడతారు. చేతిలో ఆ బరువు పడితే వాళ్లకు నిమ్మళం.

వనపర్తికి ఫోన్ చేశాను. అక్కడి దుకాణం నుంచి మధ్యాహ్నం బస్సులో సామాను పంపిస్తారు. ఆర్మ్ పంపమన్నాను. సరిగ్గా అప్పుడే క్లచ్ సరిగా చేయలేదని ఒకాయన వచ్చి నా మీద కేకలేస్తున్నాడు. ఒక చెవి ఫోన్ మీద, ఒక చెవి ఆయన మీద. బోల్టుల మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. మరిచిపోయాను. ఇంతే. మొత్తం కథకు మొదలు ఇంత చిన్నది. మనిషి మరిచిపోవడం పాపమా? కాదు. ఆ తర్వాత చేసింది పాపం.

మూడు గంటలకు పార్సిల్ విప్పితే ఆర్మ్ ఒక్కటే ఉంది. షెడ్డులో నలుగురు కూర్చుని ఛాయ్ తాగుతున్నారు. వాళ్లలో కుర్మన్న కూడా ఉన్నాడు. వాళ్లకు నా గురించే చెప్తున్నాడు, "మా తమ్ముని చెయ్యి పడితె ఇంక తిరిగి సూసే పనే లేదు" అని. ఆ మాట నా చెవిన పడుతుండగానే ఖాళీ పార్సిల్ పెట్టె నా చేతిలో ఉంది. "అన్నా, బోల్టులు మరిచిపోయిన, పొద్దుగాల బస్సుకు తెప్పిస్త" అంటే ఏమయ్యేది? కుర్మన్న ఏమనేవాడో కూడా నాకు తెలుసు. "గంతే గద తమ్మీ, మేం బస్సుకు పోతం తియ్" అనేవాడు. ఏడు గంటలకు అచ్చంపేట బస్సు ఎక్కేవాళ్లు. వదిన కిటికీ పక్కన కూర్చునేది.

నేను అనలేదు. నలుగురి ముందు, అతను పొగుడుతుండగా, మరిచిపోయాననే చిన్న మాట నా నోట రాలేదు. కక్కుర్తి పడి చేశానని చెప్పుకోగలిగితే నాకే కాస్త నయంగా ఉండేది, కక్కుర్తి అందరికీ అర్థమవుతుంది. ఇది కక్కుర్తి కాదు. పొగరు. పని తెలిసినవాడి పొగరు.

ఆ పాత బోల్టులనే తీసుకున్నాను. ఇనుప బ్రష్‌తో రుద్దాను. డీజిల్‌లో కడిగాను. వెలుగులో పెట్టి చూశాను. కంపెనీవి, ముసలివైనా పహిల్వాన్లే అనుకున్నాను. మనసు ఒప్పుకోలేదనుకోండి, అందుకే పానాకు పైపు తొడిగి ఇంకో పావు చుట్టు ఎక్కువ బిగించాను. భయం ఉన్నవాడు గట్టిగా బిగిస్తాడు. ఇప్పటికే సాగిన బోల్టును ఇంకా బిగిస్తే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? తెలిసీ బిగించాను. మూడో బోల్టు తల కింద గ్రీజు పట్టి ఉంది. దాన్ని మాత్రం సరిగా తుడవలేదు.

కుర్మన్న గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. "పాతయి ఏయి తమ్మీ?" అన్నాడు.

నా చెయ్యి గోడ దగ్గరికి పోయింది. ఉస్తాద్ నేర్పినట్టే నా షెడ్డులోనూ రెండు డబ్బాలున్నాయి. ముర్దా డబ్బాలోంచి చేతికందిన మూడు బోల్టులు తీశాను. ఏదో పాత జీపువి. ఆర్మ్ బోల్టుల తలకు పదిహేడు నంబరు పానా పడుతుంది. ఇవి పద్నాలుగువి. పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా కనిపెడతారు. కానీ పక్కన పెట్టడానికి అసలువి బండి కింద ఉన్నాయి కదా. పేపర్లో చుట్టి చేతిలో పెట్టాను. అతను విప్పనైనా విప్పలేదు. జేబులో వేసుకుని నా భుజం తట్టాడు.

మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు ఫోన్ వచ్చింది.

వాళ్లు దారిలో అచ్చంపేటలో చుట్టాలింట్లో ఆగి అన్నం తిన్నారట. జొన్నరొట్టెలు, కోడికూర, పైన పెరుగన్నం. తిని బయలుదేరారు. అచ్చంపేట దాటి అడవి రోడ్డులోకి వెళ్లాక ఒక మలుపులో కారు రోడ్డు దిగి కల్వర్టు గోడను గుద్దింది. వదిన కూర్చున్న వైపే. పిల్ల వెనుక సీటులో పడుకుని ఉండటంతో ఒళ్లు గీరుకుపోయింది, అంతే. కుర్మన్నకు భుజం ఎముక విరిగింది. వదినను దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం లేదు.

రెండు రోజుల తర్వాత కారును తాడు కట్టి నా షెడ్డుకే తెచ్చారు. అంతకుముందే పోలీసులు వచ్చి చూశారు. ముందు భాగమంతా నుగ్గునుగ్గయింది, చక్రం వంకర పోయింది, అంతా గోడకు గుద్దుకుని విరిగిందే అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను అనుకోలేను. నేను కిందికి దూరి మూడో బోల్టు చూశాను. తల కింద తెగిపోయింది. తెగినచోట సగం నల్లగా, సగం తెల్లగా ఉంది. తెల్లనిది ఆ రోజు తెగినది. నల్లనిది ఎప్పటినుంచో ఉన్న పగులు. నేను గ్రీజు తుడవని చోట. ఆర్మ్ ఊడిపోతే చక్రం బయటికి తన్నుకుంటుంది. అప్పుడు స్టీరింగ్ పట్టుకున్నది ఎవరైనా ఒకటే.

ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాను. బండి కిందే చాలాసేపు పడుకున్నాను. పని చేస్తున్నాననుకున్నారు అందరూ.

తర్వాత దవాఖానకు పోయాను. చెప్పడానికే పోయాను, ఒట్టు. కుర్మన్న భుజానికి కట్టు కట్టించుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదిన తల్లి కింద చాప మీద కూర్చుని ఉంది, పిల్ల ఆమె ఒళ్లో ఉంది. నన్ను చూసి కుర్మన్న లేవబోయాడు. లేవలేకపోయాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, నిజం సెప్పు. బండిల ఏమన్న తేడా ఉండెనా? స్టీరింగ్ ఒక్కపారి గుంజినట్లాయె. నా చేతులకెళ్లి వోయింది."

చూశారా. అతనికి తెలుసు. అతని చేతులకు తెలుసు. ఇంత ఏడుపులో కూడా సరిగ్గా జరిగింది జరిగినట్టే చెప్పాడు. నేను "అవునన్నా" అంటే చాలు. నా చొక్కా జేబులో ఆ ముక్క ఉంది.

"బండిల ఏం లేదన్నా," అన్నాను. "బోల్టులు గూడ కొత్తయే ఏసిన గద."

"మరెట్ల తమ్మీ?"

"నీకు జర కునుకు పట్టిందేమో. అన్నం తిని బండెక్కితిరి గద. కునుకు తెల్వకుండనే వడ్తది."

అతను నన్నే చూశాడు. నా ముఖంలో ఏదో వెతికాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. "కునుకా," అన్నాడు. మళ్లీ, "పట్టిందేమో తమ్మీ. పట్టే ఉంటది. నువ్వు అబద్ధమెందుకాడుతవ్."

కింద చాప మీద ముసలామె విన్నది. లేచి నిలబడింది. "నిద్రవోయినవా? నిద్రవోయి నా బిడ్డను సంపితివా?" అని రొమ్ము బాదుకుంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని నాన్న వైపు చూసింది. ఆరేళ్ల పిల్లకు ఎంత అర్థమవుతుందంటారు? అంతా అర్థమయింది. నేను తలుపు దగ్గరికి వచ్చేశాను. ఎప్పుడు వచ్చానో నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత కేసయింది. నిద్రపోతూ నడిపాడని అతని మీదే. అతను ఎదురు చెప్పలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే చెప్పాడు, కునుకు పట్టింది, నాదే తప్పు అని. ఆరునెలలు తిరిగేసరికి ఆ కునుకు అతనికి గుర్తు కూడా రావడం మొదలైంది. "మలుపుకు ముందు కండ్లు మూతలు వడ్డయి తమ్మీ, ఇప్పుడు యాదికొస్తున్నది" అన్నాడు ఒకరోజు. నేను వింటూ కూర్చున్నాను. లేనిదాన్ని నేనే అతని తలలో పెట్టాను, అది అక్కడ వేరు పట్టింది. మనిషిని ఇలా కూడా చంపొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

పెద్దకర్మ రోజు వాళ్లింటికి పోయాను. పోకపోతే బాగుండదు కదా, పోయాను. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేస్తోందని, అమ్మా అని కేకలు పెడుతోందని చెప్పారు. పీడకలలు రాకుండా తలకింద ఇనుము పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. కొడవలో, చాకో పెడతారు. చిన్నపిల్ల, కోసుకుంటుందేమోనని ముసలామె భయపడింది. "మొద్దుది ఏమన్న ఇనుము ఉందా ఇంట్ల?" అని అడిగితే కుర్మన్న గూట్లోంచి నా పొట్లం తీసి ఇచ్చాడట. నేను వెళ్లేసరికి పిల్ల పడుకుని ఉంది. తలగడ కింద నుంచి పసుపు గుడ్డలో కట్టిన మూడు బోల్టుల మూట కొంచెం బయటికి కనిపిస్తోంది.

ఏం చెప్పను? అక్కడ అన్నం పెడితే తిన్నాను.

ముసలామె పిల్లను అమ్రాబాద్ తీసుకుపోయి పెంచింది. ఆ మూట కూడా పిల్లతోపాటే పోయింది. కుర్మన్న మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. ఊరి బయట పత్తి మిల్లులో గేటు దగ్గర కూర్చుంటాడు. కూర్చుంటాడని అంటున్నాను గానీ, కూర్చోడు, నిలబడతాడు. కూర్చుంటే కళ్లు మూతలు పడతాయని భయం. అన్నిటికంటే నన్ను తినేసేది ఇది కాదు. అతను పగలు అన్నం తినడు. అన్నం తింటే కునుకు వస్తుందని. పన్నెండేళ్లయింది. పొద్దున ఇంత రొట్టె, మళ్లీ చీకటి పడ్డాక ఇంత అన్నం. గురువారం మిల్లుకు సెలవు, నా షెడ్డుకు వస్తాడు. మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా మూత తీస్తే లేచి బయటికి వెళ్లి ఎండలో నిలబడతాడు. "తిను తమ్మీ, తిను, నేనిక్కడ్నే ఉంట" అంటాడు. నేను తింటాను. లోపల నేను, బయట అతను. ఒక్కో ముద్ద ఎట్లా మింగుతానో అడగకండి. ఎట్లాగో మింగుతాను కదా, అదే నా బతుకు.

మీరడగొచ్చు, ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా అని. అనిపించింది. మొదట ఉస్తాద్‌కే చెప్పాలని గద్వాల పోయాను. ఆయన అప్పటికి మంచాన పడ్డాడు. కళ్లు సరిగా కనిపించడం లేదు. నా చేతుల్ని తడిమి, వేళ్ల కాయలు చూసి గుర్తుపట్టాడు. "షాపుల ముర్దా డబ్బా పెట్టినవారా?" అన్నాడు. "పెట్టిన ఉస్తాద్" అన్నాను. "శభాష్" అన్నాడు. ఇంక ఏం చెప్పాలి ఆయనకు? తిరిగి వస్తుంటే కృష్ణ వంతెన మీద బస్సు నెమ్మదిగా పోతోంది. జేబులోంచి ఆ తెగిన ముక్క తీసి కిటికీలోంచి నీళ్లలోకి విసిరేశాను. పక్కనున్న ముసలాయన నాణెం వేశాననుకున్నాడు కాబోలు, తనూ ఒకటి తీసి వేసి దండం పెట్టుకున్నాడు. అట్లా ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది. పోయిందని ఆ రోజు నాకు తేలికగా అనిపించింది. ఛీ.

పోయిన నెల ఒక గురువారం కుర్మన్న షెడ్డుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. శిరీషకు వనపర్తిలో డిగ్రీ సీటు వచ్చింది, హాస్టల్లో చేరింది. ఎవరో చెబితే తెలిసిందట. "నీకు ఫోన్ చేసి చెప్పలేదా అన్నా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నాతోని మాట్లాడదు గద తమ్మీ. నా ఎదురుంగ నన్ను ఆయన అంటది, నాయిన అనదు. నేనేం బాధపడ. తల్లిని సంపినోనితోని ఏం మాట్లాడుతది?" ఇదంతా నవ్వు ముఖంతోనే చెప్పాడు. బిడ్డకు సీటు వచ్చిన సంతోషం ఇంకా ముఖం మీద అట్లాగే ఉంది. అది నేను చూడలేకపోయాను.

చెప్పేశాను. అక్కడే, చేతికున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా. పార్సిల్, డబ్బా, పైపు, నల్లని పగులు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే పక్కకు జరిగాడు.

అతను అంతా విన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. అతను నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"ఊకో తమ్మీ. నా గోస సూడలేక గిట్ల సెప్తున్నవ్. నాకు తెల్వదా నువ్వేందో? బోల్టులు మార్చినవ్. పాతయి నా బిడ్డ తలకింద ఉన్నయి ఇప్పటిదాంక. ఇంకోపారి ఈ మాట అనకు, పాపం తగుల్తది."

అప్పటికి మధ్యాహ్నమైంది. "అన్నం తిను" అని చెప్పి ఎండలోకి వెళ్లి నిలబడ్డాడు.

నమ్మలేదు. నేను కట్టిచ్చిన పొట్లమే నాకు అడ్డం వచ్చింది. ఇప్పుడు అన్నిటికంటే సిగ్గుపడాల్సింది చెప్తాను, వినండి. ఆ తర్వాత ఆరు రోజులు నేను హాయిగా ఉన్నాను. చెప్పాను కదా, అతను నమ్మకపోతే నేనేం చేయను అనుకున్నాను. బాగా నిద్రపట్టింది. ఆకలి వేసింది. ఇంట్లో నా భార్య, "ఏంది, ఈ మధ్య మంచిగ తింటున్నవ్" అంది. ఏడో రోజు మళ్లీ గురువారం. టిఫిన్ డబ్బా మూత తీశాను. కుర్మన్న లేచి బయటికి పోయాడు. గోడ మీద అతని నీడ పడింది, నిలబడ్డ మనిషి నీడ. మూత మళ్లీ పెట్టేశాను.

నేను చెప్పింది అతనికి కాదు, నాకే చెప్పుకున్నానా? నా బరువు దించుకోవడానికి అతన్ని మళ్లీ వాడుకున్నానా? అతని మంచితనం నాకు తెలుసు. అతను నమ్మడని లోపల ఎక్కడో నాకు ముందే తెలుసా? తెలియదని రాస్తే అబద్ధమవుతుందేమో, తెలుసని రాయడానికి ధైర్యం లేదు.

అందుకే ఇదంతా రెండుసార్లు రాశాను. ఒకటి మీకు. రెండోది శిరీషకు, అసలు పేర్లతో. నిన్న వనపర్తి పోయి హాస్టల్ గేటు దగ్గర ఆ పిల్ల చేతికే కవరు ఇచ్చాను. అచ్చం వదిన ముఖమే. "ఏంది కాకా, గింత బరువుంది?" అంది. "సదువు బిడ్డా" అన్నాను. వెనక్కి తిరిగి వచ్చి బస్సు ఎక్కాను.

కవరులో కాగితాలతోపాటు పదిహేడు నంబరు పానా పెట్టాను. చివరి కాగితం మీద రాసింది ఇక్కడ చివర కూడా రాస్తున్నాను. నన్ను క్షమించమని అందులో అడగలేదు. అడిగే ముఖం లేదు, ఇవ్వాల్సిన పని ఆ పిల్లకూ లేదు. ఆమె నాన్న దగ్గరికి పోతుందో లేదో, నా మీద కేసు పెడుతుందో, రాయి తీసుకుని నా షెడ్డుకే వస్తుందో, ఏదైనా ఆమె ఇష్టం. కుర్మన్నకు రాస్తే చించేస్తాడు, నన్ను కాపాడటానికి. శిరీషకు నన్ను కాపాడాల్సిన అవసరం లేదు. పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి, నేను చెప్పింది నమ్మగల మనిషికి చెప్పాను. నాకు దొరికింది ఇంతే. ఇది కూడా ఎక్కువేనేమో.

బిడ్డా, నీ తలకింద ఉన్న మూట విప్పు. ఒక బోల్టు తీసి దాని తల మీద ఈ పానా పెట్టు. పట్టదు, వదులుగా తిరుగుతుంది. తర్వాత ఏ మెకానిక్ దగ్గరికైనా పోయి, మీ నాయిన నడిపిన ఆ రకం కారు ముందు చక్రం ఆర్మ్ బోల్టుకు ఇదే పానా పెట్టి చూపించమను. అక్కడ గట్టిగా పడుతుంది. నీ దగ్గరున్నవి మీ కారువి కావు. మీ కారువి నేను మార్చలేదు. మీ నాయిన నిద్రపోలేదు. ఆ మలుపులో ఆయన కండ్లు తెరిచే ఉన్నాయి, మీ అమ్మను కాపాడటానికి చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి స్టీరింగ్ తిప్పాడు. నాతో ఏం చేసుకుంటావో తర్వాత చూసుకో. ముందు ఒకసారి ఊరికి పో. మిల్లు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. మధ్యాహ్నం పూట పో. ఆయన్ని కూర్చోబెట్టి ఇంత అన్నం పెట్టు.